ప్రశాంతతకు పన్ను

బెంగుళూరు నుంచి మా పెనుకొండకు కారులో రెండున్నర గంటల దారి అంటారు. అందులో సగం హెబ్బాళ ఫ్లైఓవరుకే సమర్పయామి. ఆ గండం గడిచాక 44వ నంబరు జాతీయ రహదారి మీద రివ్వున వచ్చి, కొండ కనబడగానే కారు పక్కకు తీసి, అద్దం దించి, వచ్చినవాడు ఎవడైనా సరే అనే మొదటి మాట ఒకటే: "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!"

కారు ఇంజను ఆపకుండానే అంటాడు. ఆపితే ఏసీ ఆగిపోతుంది.

శనివారం వచ్చిందంటే ఈ మాట ఊరంతా మోగుతుంది. గగన్ మహల్ ముందర ఒకరు, బాబయ్య దర్గా గుమ్మంలో ఒకరు, లక్ష్మీనరసింహస్వామి కొండెక్కుతూ ఆయాసం మధ్య ఇంకొకరు. ప్రశాంతంగా ఉందన్న సంగతి ఒకరికొకరు అరిచి చెప్పుకుంటారు. అరవక తప్పదు మరి, వెంట తెచ్చుకున్న స్పీకరులో పాట మోగుతుంటుంది, నెత్తిన డ్రోను గుయ్యిమంటుంటుంది. వందల ఏళ్ళుగా కొండ మీది కోటను ఏలుతున్న కోతులు కూడా శని, ఆదివారాలు అవతలి బురుజు మీదికి కాపురం మార్చేస్తాయి. సోమవారానికల్లా ఆ వీడియో ఫోనుల్లో తిరుగుతుంది. దాని పేరు "ఎవరికీ తెలియని ఊరు". మా ఊరు బీజాపూరు సుల్తానుకు తెలుసు, గోల్కొండ సైన్యానికి తెలుసు, కొరియాలో కార్లు చేసేవాళ్ళకు తెలుసు. ఈ ఊళ్ళోనే పుట్టి ఇక్కడే ఓట్లేస్తున్న వేలమందికి కాస్తోకూస్తో తెలిసే ఉంటుంది. తెలియనిదల్లా ఎలక్ట్రానిక్ సిటీలో పద్నాలుగో అంతస్తులో ఉండే ఆ పుణ్యాత్ముడికే.

ఆయన టీ తాగడానికి ఆగుతాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఫోటో తీస్తాడు. ఆ తర్వాత దుకాణం నడిపే ఆమెను అడుగుతాడు: "అక్కా, వీధుల్లో మనుషులే లేరు, ఎంత హాయిగా ఉంది! అందరూ ఎక్కడికి పోయారు?"

"మీ ఊర్లోనే ఉండారు సామీ. మీరు ఈడికి వచ్చినారు, వాళ్ళు ఆడికి పోయినారు."

ఆయన నవ్వుతాడు. పల్లెటూరి హాస్యం అనుకుంటాడు. అందులో హాస్యం ఏమీ లేదు, ఉన్నదంతా రైల్వే టైంటేబులే. తెల్లారకముందే ధర్మవరం వైపు నుంచి వచ్చే పాసింజరు బండిలో, పెనుకొండలో కొందరు, హిందూపురంలో ఇంకొందరు, తట్టాబుట్టా తాపీ కర్రలతో ఎక్కుతారు. యలహంకలో దిగినవాళ్ళు దిగగా మిగిలినవాళ్ళు ఇంకా ముందుకు పోతారు. పిల్లర్లు పోస్తారు, టైల్సు అతికిస్తారు, రాత్రిళ్ళు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాస్తారు. ఆ గేటు లోపల నుంచే శనివారం మీ కారు బయటికొస్తుంది. మావాళ్ళు అక్కడ శబ్దం చేస్తారు కాబట్టి మీకు నిద్ర పట్టదు. మావాళ్ళు ఇక్కడ లేరు కాబట్టి మీకు నిద్ర పడుతుంది. రెండు చోట్లా మీ నిద్ర మా చేతిలోనే ఉందన్నమాట. ఇంత పలుకుబడి మాకు ఉందని మాకే తెలియదు.

ప్రశాంతత మా దగ్గర పండించే పంట కాదు. పంట పోయాక పొలంలో మిగిలేది. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదీ సెనిక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేసి, కాయ పీకి ఆరబెట్టిన రోజున తప్పక హాజరయ్యే వాన. బోరు వెయ్యి అడుగులు దిగినా దుమ్మే కక్కితే రైతు ఏం చేస్తాడు? తలుపుకు తాళం వేసి, ముసలమ్మను అరుగు మీద కూచోబెట్టి పోతాడు. మీరు తీసే ఫోటోలో ఆ తాళం పాతకాలపు అందం, ఆ ముసలమ్మ ముడతలు కళాఖండం. కొడుకు పంపే డబ్బు ఈ నెల రాలేదన్న సంగతి మాత్రం ఎంత మంచి కెమెరాకైనా అందదు.

మా ఊరి సడీచప్పుడూ లేని వ్యవహారాలకు చరిత్ర కూడా ఉంది. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో రామరాయల తల తెగిన తర్వాత తమ్ముడు తిరుమలరాయలు హంపీ ఖజానాను ఏనుగులకెత్తి ఇక్కడికి తెచ్చాడు. రాబర్ట్ సూయెల్ అనే తెల్లదొర 1900లో అచ్చేసిన పుస్తకంలో 550 ఏనుగులని రాశాడు. ఆ లెక్క మా గైడుకు ఆనదు, 1550 అంటాడు. ఏనుగుకు ఒక మిల్లీమీటరు చొప్పున వాన పడుతుందనుకుంటే సూయెల్ లెక్కే సరిపోతుంది, గైడు లెక్క ప్రకారమైతే మాది కోనసీమ అయ్యేది. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా పెనుకొండ రాజధాని. ఇక్కడి నుంచి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు. రాష్ట్రానికి మూడు రాజధానులు అని 2019లో ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు పోట్లాడుకున్నారు గానీ, ఆ పథకం మా తిరుమలరాయల అరవీటి వంశంవాళ్ళు ఎప్పుడో అమలు చేశారు. వాళ్ళకు కనీసం ఒక రాజధాని నుంచి ఇంకో రాజధానికి పరుగెత్తడానికి శత్రువు అనే గట్టి కారణం ఉండేది.

ఏనుగుల మీద వచ్చిన ధనం మళ్ళీ ఎటు పోయిందో లెక్కల్లేవు. అందుకే గుప్తనిధుల బృందాలు కొండల్లో గుడి కనబడితే చాలు పునాది తవ్వేస్తాయి. నిజం చెప్పాలంటే ప్రశాంతతను మనసారా గౌరవించే పర్యాటకులు వాళ్ళే. అమావాస్య రాత్రి వస్తారు. గట్టిగా మాట్లాడరు. సెల్ఫీలు దిగరు, గోడ మీద ప్రియురాలి పేరు చెక్కరు. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ తప్ప ఇంకే చెత్తా వదలరు. గొయ్యి మాత్రం వదులుతారు.

వాళ్ళకంటే నేర్పరులూ ఉన్నారు. ఎర్రమంచి దగ్గర 2017లో ఒప్పందమై 2019లో కార్లు దింపడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ ఉంది కదా, ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తితో కట్టినది, అందులో దాదాపు 900 ఇంజన్లు కనబడటం లేదని 2025లో ఫిర్యాదు వెళ్ళింది. ఒక్కనాడే మాయమైనవి కావట. అయిదేళ్ళుగా కాస్త కాస్తగా పోయాయట. సూది పోతే ఇల్లంతా వెతుకుతాం. ఇంజనంటే జేబులో వేసుకుపోయే వస్తువా? ఇప్పుడు చెప్పండి, 550 ఏనుగుల మీద ధనం దిగిన ఊరు గొప్పదా, ఒక్క ఏనుగు అవసరం కూడా లేకుండా 900 ఇంజన్లు నడిచిపోయిన ఊరు గొప్పదా? ప్రశాంతత అంటే ఇదీ.

హంద్రీనీవా నీళ్ళు కూడా ఇలాగే ప్రశాంతంగా గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చాయి. అక్కడి నుంచి ఫ్యాక్టరీకి దారి కనుక్కున్నాయి. చుట్టుపక్కల చెరువులకు దారి కనుక్కోవడంలోనే కొంత తడబడ్డాయి.

ప్రశాంతత అన్న మాటను మాకు మొదట నేర్పిన గురువులు మాత్రం పర్యాటకులు కారు, పోలీసులు. 2005 జనవరి 24న అప్పటి పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవిని అనంతపురంలో పార్టీ ఆఫీసు దగ్గరే కాల్చి చంపారు. బస్సులు తగలబడ్డాయి, షట్టర్లు దిగాయి, బడులు మూతబడ్డాయి, పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. నడివీధిలో కుక్క కూడా మొరగని వేళ రేడియోలో, పేపర్లో వచ్చే మాట: "పరిస్థితి ప్రశాంతంగా ఉంది." అందుకని మీరు కొండ కింద నిలబడి ఆ మాట అన్నప్పుడల్లా మా పెద్దవాళ్ళు కొందరు ఉలిక్కిపడి, పిల్లలు ఇంట్లోనే ఉన్నారో లేదో చూసుకుంటారు. ఏమీ అనుకోవద్దు. అలవాటు.

ఎకరాల లెక్కన ప్రశాంతత కావాలంటే హిందూపురం దాటి చిలమత్తూరు, గోరంట్ల మండలాల వైపు పోండి. 2008, 2009 ప్రాంతంలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని పేరు పెట్టి 8,844 ఎకరాలు కట్టబెట్టారు. ఉద్యోగాలొస్తాయన్నారు, నగరం లేస్తుందన్నారు. నగరం లేవలేదు. భూమి మాత్రం కొంత లేచి బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్ళింది, మిగిలింది కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ నేలంతా ఇప్పుడు ఎంత నిశ్శబ్దం అంటే, అందులో నాలెడ్జ్ తప్ప అన్నీ మొలిచాయి. మీ డ్రోనుకు అంతకంటే మంచి చోటు దొరకదు.

దారిలో లేపాక్షి ఎలాగూ ఆగుతారు. వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతారు. ఒకరి తర్వాత ఒకరు, వరసగా. గుళ్ళో మిగతా స్తంభాలన్నీ నేల మీద నిలబడి కప్పును మోస్తున్నాయి. వాటి వైపు ఎవరూ చూడరు. పని చేయకుండా వేలాడేదానికే క్యూ. ఏ ప్రభుత్వ కార్యాలయంలో చూసినా ఇదే ధర్మం.

ఆ గుడి కట్టించిన విరుపణ్ణ కథ గైడు చెబుతాడు, వినండి. రాజుగారి కోశాధికారిగా ఉండి అడక్కుండా ఖజానా డబ్బు గుడికి పెట్టాడట. శిక్ష పడకముందే తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడట. కల్యాణమండపం అసంపూర్తిగా మిగిలిపోయింది. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. పెనుకొండలో తిమ్మరుసు కథ కూడా అదే దారి. మహామంత్రికి కళ్ళు పొడిపించి మా కొండ మీదే బంధించారని చెప్పుకుంటాం. చరిత్రకారులు తలూపరు గానీ మాకు ఆ కథంటే ఇష్టం. ఈ ప్రాంతంలో రాచకార్యం అంటే కళ్ళతో చెల్లించాల్సిన వ్యవహారం. ప్రజాధనం పెట్టి సగం కట్టి వదిలేసిన కట్టడాలు ఇప్పుడూ లేకపోలేదు. కళ్ళు పీక్కునే ఆచారమే పోయింది. దాని బదులు రివైజ్డ్ ఎస్టిమేటు వేసే ఆచారం వచ్చింది.

ధర్మవరంలో మీకు కాస్త నిరాశ తప్పదు. అక్కడ ప్రశాంతత ఇంకా పూర్తిగా రాలేదు. కొన్ని వీధుల్లో ఇప్పటికీ గుంట మగ్గం చప్పుడు వినబడుతుంది. లోపల గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒకాయన నాడె విసురుతుంటాడు, ఆయన భార్య వాకిట్లో కండెలు చుడుతుంటుంది, నెత్తిన జకార్డు టకటకమని అట్టలు తిప్పుతుంటుంది. చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనిషికి ఇంకా రాలేదు. ఈ రకం చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం పుస్తకంలో హాయిగా నిద్రపోతుంటే పక్క వీధిలో మరమగ్గం అదే అంచు, అదే బుటా పగలూ రాత్రీ దింపుతుంది. రేషం ధర మార్కెట్టు చేతిలో, జరీ ధర సూరతు చేతిలో, చీర ధర షావుకారు చేతిలో. నేసే చేతిలో మిగిలింది నాడె ఒక్కటే.

అలాంటి ఇంట్లోకి మీరు చెప్పులతో అడుగుపెట్టి, మైకు తగిలించుకుని అంటారు: "అన్నా, ఒక్క నిమిషం మగ్గం ఆపుతారా? ఆడియో సరిగా రావడం లేదు."

మగ్గం ఆపమని అడగడానికి మీరెందుకండీ శ్రమ పడటం? ఆ పని చేయడానికి చాలామంది ఉన్నారు. చాలా ఇళ్ళల్లో ఆపేశారు కూడా. ఆగిన మగ్గం కింద అప్పు మాత్రం ఆడుతూనే ఉంటుంది. అప్పులకు తాళలేక ప్రాణం తీసుకున్న నేతగాళ్ళ వార్తలు ధర్మవరం నుంచి ఎన్నేళ్ళుగా వస్తున్నాయో జిల్లా పేజీ చదివేవాళ్ళకు తెలుసు. ఆ ఇళ్ళల్లో మీ ఆడియో అద్భుతంగా వస్తుంది. ఒక్క నాడె చప్పుడు కూడా అడ్డురాదు.

ఇంతటి సరుకును ఇన్నాళ్ళూ ఉత్తినే ఎత్తుకుపోనిచ్చామే అన్నదే ఇప్పుడు మా బాధ. పైగా రియల్ ఎస్టేటు వాళ్ళు రహదారికి అటూ ఇటూ రాళ్ళు పాతి, "కొండ చూపు, స్వచ్ఛమైన గాలి, సంపూర్ణ ప్రశాంతత" అని చదరపు గజాల్లో అమ్మేస్తున్నారు. కొండ మాది, గాలి మాది, ప్రశాంతత కోసం ఊరొదిలి పోయింది మావాళ్ళు. కమీషను మాత్రం ఇంకెవరిదో. అందుకని మా ప్రతిపాదన ఒకటే: ప్రశాంతత మీద పన్ను వేయాలి.

వేయడం ఎలాగో తెలియదని తప్పించుకోవడానికి వీల్లేదు. పన్నులు ఎలా వేయాలో అధికారులకు నేర్పే జాతీయ అకాడమీ మా పక్కనే పాలసముద్రంలో ఉంది. కస్టమ్సు, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల నియంత్రణ, మూడూ అక్కడ చెబుతారు. దాదాపు 500 ఎకరాల్లో కట్టి 2024 జనవరి 16న ప్రధానమంత్రి చేత ప్రారంభోత్సవం చేయించారు. ఆయన అదే రోజు లేపాక్షికీ వెళ్ళారు. ఓడలు వచ్చే సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట కస్టమ్సు పాఠాలేమిటని కొందరు కొంటె ప్రశ్న వేశారు గానీ, ఊరి పేరులో సముద్రం ఉంది, అధికారులకు అది చాలు. అక్కడి శిష్యులకు మా సమస్యే పరీక్ష పేపరుగా ఇవ్వవచ్చు. మొక్కజొన్న పేలాలకే మూడు రకాల పన్ను వేసిన దేశం మనది. 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి తేల్చింది కదా: ఉప్పుకారం చల్లి విడిగా ఇస్తే 5 శాతం, పొట్లం కట్టి పేరేస్తే 12, పంచదార పాకం పోస్తే 18 అని అప్పట్లో. పేలాలను ఇంత సూక్ష్మంగా చూసిన కళ్ళకు ప్రశాంతత ఒక లెక్కా?

కొండెక్కి గాలి పీల్చి, నోరు మూసుకుని దిగిపోయేవాడి ప్రశాంతత విడి సరుకు. దాని మీద తక్కువ పన్ను చాలు. అలాంటివాళ్ళు అరుదు కాబట్టి రాబడికి పెద్ద నష్టం లేదు. వీడియో తీసి, సంగీతం కలిపి, పేరు పెట్టి పంచితే అది పొట్లం కట్టినట్టు. తాళం వేసిన ఇల్లు, అరుగు మీది ముసలమ్మ, ఎండిన బావి, వీటితో తీస్తే పాకం పోసినట్టే, పై రేటు తప్పదు. అందులో ముసలమ్మ వాటా ముసలమ్మకే రొక్కంగా ఇవ్వాలి, ఆమెకు ఫోను స్కానింగు రాదు. ఆగిన మగ్గం విలాస వస్తువు కింద వస్తుంది. ఫ్యాక్షన్ ప్రశాంతతకైతే పాత బాకీ వసూలు చేయాలి. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది మొదలు మా సుమోలు, మా తొడలు, మా కత్తులు తెర మీద ఎన్ని కోట్లు రాబట్టాయో సినిమావాళ్ళకే తెలుసు, మాకు ఒక్క పైసా రాయల్టీ ముట్టలేదు. ఆ సినిమా హీరోగారే 2014 నుంచి హిందూపురం ఎమ్మెల్యే కాబట్టి ఈ బాకీ జిల్లాలోనే మర్యాదగా తేల్చుకోవచ్చు.

జిల్లా అన్నాక గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా పుట్టినప్పుడు కేంద్రం మాకు కావాలని హిందూపురం వీధికెక్కింది. పుట్టపర్తికి ఇచ్చారు. ధ్యానానికి పేరుపడ్డ ఊరు, కలెక్టరుగారికి ప్రశాంతంగా ఉంటుందని కాబోలు. ఆ రోజుల్లో హిందూపురంలో వినబడింది చూడండి, నినాదాలు, ధర్నాలు, బందులు, అదీ బతికున్న ఊరి చప్పుడు. ఒక్క పర్యాటకుడూ ఫోటో తీసుకోవడానికి రాలేదు. బాబయ్య గంధం రాత్రి పెనుకొండకు వచ్చి చూడండి. కాలు పెట్టే సందుండదు, హిందువెవరో తురకెవరో తెలియదు, మైకులు, మిఠాయి అంగళ్ళు, తప్పిపోయిన పిల్లల పేర్లు. ఊరంటే అదీ. ఆ రాత్రి మీకు నచ్చదు. పార్కింగు దొరకదు.

పన్ను వసూలు కేంద్రం ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే తేలాలి. కొండ దగ్గర కుంభకర్ణుడి తోట ఉంది. పేద్ద సిమెంటు కుంభకర్ణుడు వెల్లకిలా పడి నిద్రపోతుంటాడు, చుట్టూ చేరి లేపడానికి తంటాలు పడే రాక్షసులూ బొమ్మలే. ఈ ప్రాంతం మీద ఇప్పటిదాకా వచ్చిన అభివృద్ధి నివేదికలన్నిట్లోకీ నిజాయితీ గలది ఆ తోట. నిద్రపోయేవాడూ సిమెంటే, లేపేవాళ్ళూ సిమెంటే, కాంట్రాక్టరొక్కడే మనిషి. కౌంటరు అక్కడ పెడితే బాగుంటుందని కొందరన్నారు. కూర్చునే గుమాస్తా కూడా నిద్రపోతాడేమోనని ఇంకొందరు అడ్డుపడ్డారు.

ఆఖరికి టీ దుకాణం ఆమే తీర్పు చెప్పింది. ఇక్కడ కౌంటరు వద్దు, కూర్చోబెట్టడానికి మనిషి దొరకడు. డబ్బులు బెంగుళూరులోనే కట్టేయండి సామీ. ఆదివారం రాత్రి మీరు ఇల్లు చేరతారు కదా. సోమవారం పొద్దున ఆరింటికి మీ అపార్టుమెంటు వెనక కంకర మిక్సరు మొదలవుతుంది. నిద్ర చెడగొట్టారని తిట్టడానికి బాల్కనీలోకి వస్తారు కదా, అప్పుడు కిందికి ఒక కేక వేయండి. తలకు తువ్వాలు చుట్టుకుని తట్ట మోస్తున్న పిల్లోడు తలెత్తి చూస్తాడు. వాడు మావాడే. మీరు నిన్న ఫోటో తీసిన తాళం చెవి వాడి మొలతాడుకే ఉంటుంది. రసీదు కూడా వాణ్ణే అడగండి.